ఇంటర్ ఎంపీసీ తర్వాత యానిమేషన్ డిగ్రీ: తమ్ముణ్ణి చేర్పించాలా వద్దా?

మణికొండ_అక్క
మా తమ్ముడు ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్ పాసయ్యాడు. ఎప్‌సెట్ ర్యాంకు మరీ గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. ఊరికి దూరంగా ఏదో ఒక కాలేజీలో సీఎస్‌ఈ వస్తుంది. వాడు మాత్రం యానిమేషన్‌లో నాలుగేళ్ల డిగ్రీ చేస్తానని పట్టుబట్టాడు. చిన్నప్పటి నుంచి నోటుబుక్కుల అంచుల్లో బొమ్మలు వేసి, పేజీలు గబగబా తిప్పి చూపించేవాడు, కాబట్టి ఇది నిన్నమొన్న పుట్టిన సరదా అయితే కాదు. నాన్న "బొమ్మలేసుకుని బతుకుతావా?" అని ఒక్క మాట అన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఆ విషయం ఎత్తనివ్వడం లేదు.

అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి అడిగాను. "ఏడాదిలో అన్నీ నేర్పిస్తాం, కావాలంటే డిగ్రీ కూడా మేమే ఇప్పిస్తాం, ప్లేస్‌మెంట్ గ్యారంటీ, ఇవాళే కడితే ఫీజులో తగ్గింపు" అన్నారు. ఆ తొందర చూశాకే నాకు టెన్షన్ పట్టుకుంది. యూనివర్సిటీలో నాలుగేళ్లు యానిమేషన్ చదివితే నిజంగా ఏం వస్తుంది? ఆ పని చేస్తున్నవాళ్లు, చదివినవాళ్లు చెప్పండి. నాన్నకు చూపించడానికే అడుగుతున్నాను, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి.

రోటో_రాత్రులు
ఇవాళ కడితే ఇచ్చే తగ్గింపు వచ్చే నెల కూడా ఇస్తారు. కట్టకండి.

పాఠాల_పంతులు
"డిగ్రీ మేమే ఇప్పిస్తాం" అన్నచోట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరు ఉంటుంది? యూజీసీ చట్టం 1956లో 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు యూనివర్సిటీలకు, ఆ హోదా ఉన్న సంస్థలకు మాత్రమే ఉంది. ఇన్‌స్టిట్యూట్ ఎంత పెద్దదైనా దాని సొంత కాగితం డిప్లొమానో సర్టిఫికెట్టో అవుతుంది కానీ డిగ్రీ కాదు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న యూనివర్సిటీ పేరు చెప్తే, అది దూరవిద్యా రెగ్యులరా, దానికి అనుమతి ఉందా అన్నది యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా అక్కడే పెడతారు. ఈ పని ఫీజు కట్టకముందే చెయ్యాలి.

రోటో_రాత్రులు
సరే, ఇప్పుడు అసలు విషయం. నేను చాలా ఏళ్లుగా కంపోజిటింగ్ చేస్తున్నాను, అంటే విడివిడిగా చేసినవన్నీ కలిపి ఒకే షాట్‌గా చేసే పని. మొదలుపెట్టింది రోటోతో, అంటే ఫ్రేము ఫ్రేముకీ మనిషి చుట్టూ గీత గీసి వేరు చేయడం. ఇంతవరకు ఏ స్టూడియోలోనూ నా డిగ్రీ అడగలేదు. రీల్, అంటే మనం చేసిన షాట్లు కలిపిన చిన్న వీడియో, చూస్తారు, ఒక టెస్ట్ షాట్ ఇస్తారు, నచ్చితే తీసుకుంటారు. నాలుగేళ్లు, అంత డబ్బు పోసి నేర్చుకునేది ఇంట్లో కూర్చుని రెండేళ్లలో నేర్చుకోవచ్చని నా అభిప్రాయం. 3డీ సాఫ్ట్‌వేర్‌లలో బ్లెండర్ ఉచితం. మాయా కూడా విద్యార్థులకు ఉచితంగానే ఇస్తారు, ఏటా రెన్యూ చేసుకోవాలి, దాంతో కమర్షియల్ పని చేయకూడదు అంతే. పాఠాలు నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి.

మాసాబ్‌ట్యాంక్_సీనియర్
అన్నా, మీరు చెప్పింది సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం గురించి. యానిమేషన్ నేర్చుకోవడం వేరు. నేను జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేస్తున్నాను. మాసాబ్‌ట్యాంక్‌లో ఉన్న ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఇదే. 2008లో యూనివర్సిటీ అయింది, కాలేజీ అంతకన్నా చాలా పాతది. యానిమేషన్ ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీ డిగ్రీ, పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ వాళ్ల పక్కనే కూర్చుని చదువుతాం. ఆ పక్కన కూర్చోవడంలోనే సగం చదువుంది. మనిషి బరువు ఏ కాలి మీద పడుతోందో నాకు అర్థమైంది శిల్పం చేసే ఫ్రెండ్ మట్టితో బొమ్మ నిలబెట్టడానికి పడే తంటాలు చూసినప్పుడు. అది ఏ ట్యుటోరియల్‌లోనూ దొరకలేదు.

మొదట్లో కంప్యూటర్ ముట్టుకోనివ్వకపోతే అందరూ గోల చేస్తారు. స్టిల్ లైఫ్ (వస్తువుల్ని చూసి గీయడం), లైఫ్ డ్రాయింగ్ (మనుషుల్ని చూసి గీయడం), పర్‌స్పెక్టివ్ (దగ్గర, దూరం చూపించడం), రంగులు, ఇవే. తర్వాత బంతి ఎగరడం, పిండి బస్తా నడవడం, మనిషి నడక, అప్పుడు మాటలు. ఆ వరుస ఎందుకో మూడో ఏడాదికి తెలుస్తుంది.

సైకిల్_సికింద్రాబాద్
పిండి బస్తా నడవడం ఏంటి భయ్యా, మా ఇంట్లో బియ్యం బస్తా పైకి లేపడానికే ఇద్దరు కావాలి 😄

మాసాబ్‌ట్యాంక్_సీనియర్
@సైకిల్ నిజంగానే అది పాఠం. కళ్లు, ముక్కు, చేతులు లేని బస్తాని దిగులుగా నడిపించాలి, తర్వాత సంబరంగా గెంతించాలి. ముఖం లేకుండా భావం చూపించగలిగితే, ముఖం ఇచ్చాక పని తేలికవుతుంది.

తొలుబొమ్మ
దీనికి కొంచెం చేరుస్తాను. నేను 2డీ నేర్పుతాను. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. కంప్యూటర్ మధ్య బొమ్మలన్నీ తనే పూరిస్తుంది, నిజమే. కానీ ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు దూకాలి, దూకే ముందు ఎంత వెనక్కి వంగాలి అన్నది అది చెప్పదు. పూరించిన కదలిక నీళ్లలో తేలుతున్నట్టుంటుంది, బరువుండదు. నా క్లాసుకు మాయా బాగా వచ్చి బొమ్మ వేయడం రాని పిల్లలు వస్తారు. ఏ బటన్ ఎక్కడుందో అన్నీ తెలుసు, పాత్ర కుర్చీలోంచి లేవమంటే లిఫ్ట్‌లో పైకొచ్చినట్టు లేస్తుంది. లేవబోయే మనిషి ముందు ముందుకు వంగుతాడు, పాదాలు వెనక్కి లాక్కుంటాడు, అన్నిటికంటే మొదట తల కదులుతుంది. ఇది చూసే కన్ను రావాలంటే రోజూ మనుషుల్ని చూసి గీయాలి. ఎంజీబీఎస్‌లో ఒక బెంచీ మీద కూర్చుంటే చాలు, సంచులు మోసేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, కునికేవాళ్లు, అందరూ ఉంటారు. జంతువులకు బహదూర్‌పురా జూ పార్క్.

అందుకని, అక్కా, నాలుగేళ్లు ఎందుకంటే ఆ కన్ను రావడానికి. ఇంట్లో రాదని కాదు. ఎవరూ తిట్టకుండా, ఎవరూ పక్కన గీయకుండా రోజూ గీసే పిల్లలు చాలా అరుదు.

బాలాపూర్_బాబాయ్
నేను తండ్రి వైపు నుంచి మాట్లాడతాను, ఏమనుకోకండి. ఆ పెద్దాయన కోపం బొమ్మల మీద కాదు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని లైను మీద. 2013 ఫిబ్రవరిలో రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా ఎఫెక్ట్స్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో వాళ్లు పనిచేసిన సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే ఇంకో విదేశీ ఎఫెక్ట్స్ సంస్థ మూతపడింది, బెంగళూరు, ముంబైలలో ఎంతోమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఆస్కార్ వచ్చినా ఇల్లు గడవకపోతే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? సీఎస్‌ఈ చదివినవాడికి ఒక చోట పోతే పది చోట్ల దొరుకుతుంది.

రోటో_రాత్రులు
బాబాయ్ గారూ, సాఫ్ట్‌వేర్‌లో పీకేయడం లేదా? హైటెక్ సిటీలో అడిగి చూడండి.

బాలాపూర్_బాబాయ్
పీకేస్తున్నారు బాబూ, కాదనను. కానీ అక్కడ కంపెనీలు వందల్లో ఉన్నాయి. మీ దగ్గర ఈ ఊళ్లో పెద్ద స్టూడియోలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తేడా అదే.

రోటో_రాత్రులు
అది నిజమే, ఒప్పుకుంటాను. మొదటి జీతం కూడా సీఎస్‌ఈ వాళ్లకంటే తక్కువగానే ఉంటుంది, అక్క ముందే తెలుసుకోవాలి. రిలీజ్ దగ్గరపడితే ఇంటికి ఎప్పుడొస్తామో మాకే తెలియదు.

ఉప్పల్_ఉమ
మా అమ్మాయి ఇదే లైనులో ఉంది. రాత్రి షిఫ్టులు ఉంటాయి, క్యాబ్ ఇస్తారా లేదా అన్నది చేరేముందే అడుగుతుంది. అది తప్ప మాకు పెద్ద ఇబ్బంది లేదు. టీవీలో ఎపిసోడ్ చివర పేర్లు వస్తుంటే మా అత్తగారు కళ్లజోడు పెట్టుకుని వెతుకుతారు. ఒకసారి పేరు కనిపించేసరికి పక్కింటి వాళ్లందరినీ పిలిచారు.

సైకిల్_సికింద్రాబాద్
ఉమగారూ, ఆ పేర్లు వెళ్లే వేగానికి మీ అత్తగారు చదవగలిగారంటే కళ్లజోడు దుకాణం అడ్రస్ ఇవ్వండి 🙏

రిగ్గర్_రాజ్యం
ఎంపీసీ అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను రిగ్గింగ్ చేస్తాను, అంటే పాత్రకి లోపల ఎముకలు పెట్టి, యానిమేటర్ లాగడానికి పిడులు పెట్టే పని. ఇందులో రోజూ వెక్టార్లు, మాట్రిక్సులు, భ్రమణాలే. ఇంటర్‌లో ఇవి దేనికిరా బాబూ అనుకున్న పాఠాలన్నీ ఇక్కడ అన్నం పెడుతున్నాయి. పైథాన్ వస్తే ఇంకా మంచిది. పొగ, నీళ్లు, మంటలు చేసే ఎఫెక్ట్స్ వాళ్లకైతే ఫిజిక్స్ లేకుండా నడవదు.

ఒక చిన్న ఉదాహరణ. పై నుంచి వదిలిన బంతిని యానిమేట్ చేయాలి. s = ½gt² గుర్తుందా? సమాన వ్యవధుల్లో బంతి పడే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరుగుతాయి. బొమ్మల మధ్య ఎడం అలా పెడితే బంతి బరువుగా పడుతుంది. సమానంగా పెడితే దారం కట్టి దించినట్టుంటుంది. పాత యానిమేటర్లు ఇదే కంటితో చూసి పట్టుకున్నారు. మీ తమ్ముడికి సూత్రం వచ్చు, బొమ్మా వచ్చు. అలాంటివాళ్లు స్టూడియోల్లో తక్కువ. మా టీమ్‌కి అలాంటి మనిషిని వెతకడానికి నెలలు పడుతుంది.

మణికొండ_అక్క
ఈ లెక్క వాడికి చూపించాను, వెంటనే బ్లెండర్ తెరిచి కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే పలకడం లేదు. @రిగ్గర్_రాజ్యం గారూ, మరి బీటెక్ చేసి ఇటు రావడమే మేలంటారా?

రిగ్గర్_రాజ్యం
నేను అలాగే వచ్చాను, కానీ అందరికీ చెప్పను. బీటెక్ నాలుగేళ్లు సప్లీలతో, ల్యాబ్ రికార్డులతో బొమ్మ వేయడం మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. చెయ్యి ఆగకుండా చూసుకోగలిగితేనే ఆ దారి.

పాఠాల_పంతులు
బీటెక్ తర్వాత కూడా దారి ఉంది. సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎం.డెస్, అంటే డిజైన్‌లో మాస్టర్స్, చేయొచ్చు. ఐఐటీ బాంబేలోని ఐడీసీ అనే డిజైన్ స్కూల్లో యానిమేషన్‌కి ప్రత్యేకంగా ఎం.డెస్ ఉంది. నాన్నగారితో రాజీ కుదరకపోతే ఇది చెప్పండి.

ఇప్పుడే చేరాలంటే జేఎన్‌ఏఎఫ్‌ఏయూకి ఫాడీ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటర్ ఏ గ్రూపైనా పర్వాలేదు. ఇంకొకటి యూసీడ్, డిజైన్ డిగ్రీల ప్రవేశ పరీక్ష: ఐఐటీ బాంబే జనవరిలో పెడుతుంది, దరఖాస్తులు అంతకుముందే అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతాయి. దాంతో మన కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బీ.డెస్ చేరొచ్చు. అది పూర్తిగా యానిమేషన్ డిగ్రీ కాదు, డిజైన్ డిగ్రీ. యూసీడ్ రెండుసార్లే రాయనిస్తారు, అదీ వరుస ఏళ్లలో. ఈ ఏడాది ఇంటర్ పాసైనవాడికి వచ్చే జనవరే ఆఖరి అవకాశమన్నమాట. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ బీ.డెస్ ఉంది. దేశంలో యానిమేషన్ నేర్పే పేరున్న చోట్లలో అది ఒకటి, పోటీ కూడా అలాగే ఉంటుంది. విజయవాడ వైపున్న ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీతో దాన్ని కలిపేసుకోకండి, అక్కడి కోర్సులు వేరు.

చార్‌కోల్_చేతులు
అందరూ మంచే చెప్తున్నారు, నేను రెండో వైపు చెప్తాను. నేను ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో యానిమేషన్ చేశాను, పేరు వద్దు. బ్రోషర్‌లో మోషన్ క్యాప్చర్ (మనుషుల కదలికల్ని రికార్డు చేసే) స్టూడియో అని ఫొటో వేశారు. మేము చదివినన్నాళ్లూ ఆ గదికి తాళమే. ల్యాబ్‌లో కంప్యూటర్లు రెండర్ (షాట్‌ని తుది వీడియోగా తీయడం) పెట్టగానే ఆగిపోయేవి, ఫైనల్ ప్రాజెక్టులు అందరం సొంత సిస్టమ్‌ల మీదే చేసుకున్నాం. మంచి సార్ ఒకరే ఉండేవారు, స్టూడియో నుంచి పిలుపు రాగానే వెళ్లిపోయారు. ఆయన స్థానంలో అంతకుముందు ఏడాది పాసైన సీనియర్‌ని కూర్చోబెట్టారు. యూనివర్సిటీ అన్న మాట చూసి ఎవరూ మోసపోకూడదని ఇదంతా రాస్తున్నాను. అప్పు ఇంకా కడుతూనే ఉన్నాం.

తొలుబొమ్మ
@చార్‌కోల్_చేతులు చదువుతుంటే కడుపు మండిపోయింది. నేర్పే మనిషే లేకపోతే పైన ఎంత పెద్ద బోర్డు ఉండి ఏం లాభం? ఎవరు పాఠం చెప్తున్నారు, వాళ్లు చేసిన పని ఏది అని అడిగే హక్కు ఫీజు కట్టేవాళ్లకుంది.

మాసాబ్‌ట్యాంక్_సీనియర్
మా దగ్గరా అన్నీ బాగున్నాయని అనను. ప్రభుత్వ యూనివర్సిటీ కదా, కొత్త పరికరం కావాలంటే ఫైలు కదలాలి. ఫీజు మాత్రం ప్రైవేట్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఆ మిగిలిన డబ్బుతో మంచి గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్ కొనుక్కోవచ్చు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో విడిభాగాలు కొని కట్టించుకుంటే ల్యాప్‌టాప్ కంటే మేలు. మొదటి ఏడాదే కొనొద్దు, అప్పుడు పెన్సిలే ఎక్కువ పని.

వాంకూవర్_వాన
డిగ్రీ ఎవరూ అడగరన్న @రోటో_రాత్రులు మాట దేశం లోపల నిజం. బయటికి రావాలంటే కాదు. అమెరికా హెచ్‌1బీ వర్క్ వీసాకి కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ చూపాలి. బయట మాస్టర్స్ చేయాలన్నా ముందు గుర్తింపున్న డిగ్రీ ఉండాలి. నాతో కలిసి పనిచేసిన ఒకతను నాకంటే మంచి యానిమేటర్, చేతిలో ఏడాది సర్టిఫికెట్ మాత్రమే ఉంది. ఆఫర్ వచ్చి కూడా కాగితాల దగ్గర ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ల వయసులో ఇది ఎవరికీ తట్టదు.

రోటో_రాత్రులు
ఇది నేను ఆలోచించిన కోణం కాదు. బయటికి వెళ్లే ఆలోచన ఉంటే డిగ్రీ తీసుకోవాల్సిందే. రీల్ మాట మాత్రం మార్చుకోను.

రీల్_చూసే_రమ
స్టూడియోలో ఫ్రెషర్లను ఎంపిక చేసేది మా టీమే, కాబట్టి రీల్ గురించి నన్ను చెప్పనివ్వండి. నిమిషం చాలు. అన్నింటికన్నా మంచి షాట్ మొదట పెట్టాలి, ఎందుకంటే చాలా రీల్స్ మేము చివరిదాకా చూడం. ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చే రీల్స్‌లో అదే రోబో, అదే సైన్స్ ఫిక్షన్ కారిడార్, అదే పాట. ఒకే బ్యాచ్ పిల్లలవి ఇరవై చూస్తే ఎవరిది ఏదో తెలియదు. గ్రూప్ ప్రాజెక్ట్ అయితే నీ పని ఏదో షాట్ మీదే రాయి. ఒకసారి ఒక అబ్బాయి రీల్‌లో ఒక ముసలమ్మ బోరింగ్ కొడుతూ మధ్యలో నడుం పట్టుకుని ఆగుతుంది. అంతే షాట్. లైటింగ్ లేదు, రంగు లేదు. అతన్ని అదే వారం పిలిచాం.

డిగ్రీ చదివినవాళ్లలో నాకు కనిపించే తేడా ఏంటంటే, షాట్ వెనక్కి పంపితే ముఖం మాడ్చుకోరు. క్లాసులో అందరి ముందు విమర్శ విని విని అలవాటు పడి ఉంటారు. ఆ ఓపిక స్టూడియోలో చాలా అవసరం.

నిద్రలేని_నిజాంపేట
ఏఐ గురించి ఎవరూ మాట్లాడరేంటి? ఒక వాక్యం రాస్తే వీడియో వస్తోంది. నాలుగేళ్ల తర్వాత ఈ డిగ్రీకి పని ఉంటుందా?

రోటో_రాత్రులు
ముందుగా దెబ్బ తగిలేది మా రోటోకే. అందుకే ఏడాది కోర్సులో రోటో మాత్రమే నేర్పి పంపే చోట చేరొద్దంటున్నాను. ఈ ఊళ్లో అలాంటి బ్యాచులే ఎక్కువ.

తొలుబొమ్మ
డైరెక్టర్ వచ్చి "తల తిప్పడం బాగుంది, కానీ అర సెకను ఆలస్యంగా తిప్పాలి, అప్పుడు బాధ తెలుస్తుంది" అంటాడు. ఆ అర సెకను ఎందుకో తెలిసిన మనిషి కావాలి. పనిముట్టు ఏదైనా కానివ్వండి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రం ఆస్కార్ తెచ్చుకున్న ఫ్లో, ఉచితంగా దొరికే బ్లెండర్‌తో చేసిందే. పెద్ద పెద్ద స్టూడియోల సినిమాలను దాటి వచ్చింది. అందులో మాటలు కూడా లేవు, పిల్లి కదలికే అంతా చెప్తుంది. ఎన్నేళ్లు పిల్లుల్ని చూసి ఉంటారో!

బాలాపూర్_బాబాయ్
ఈ ముక్క నాకు కొంచెం ఎక్కింది. నాకు ఇంకో సందేహం. మన ఊళ్లో సొంతంగా బొమ్మ పుట్టించి నిలబెట్టినవాళ్లున్నారా, లేక అంతా బయటివాళ్ల పనికి కూలియేనా?

రిగ్గర్_రాజ్యం
ఉన్నారు బాబాయ్. ఛోటా భీమ్ 2008లో టీవీలోకి వచ్చింది, చేసింది హైదరాబాద్ స్టూడియో గ్రీన్ గోల్డ్. దేశమంతా పిల్లలు చూశారు. ఈగ సినిమాకి ఎఫెక్ట్స్ చేసి జాతీయ అవార్డు తీసుకున్న మకుట కూడా ఇక్కడిదే. బయటి పని ఎక్కువన్నది మాత్రం నిజం. కథ మనదైతేనే జీతం కూడా మన చేతిలో ఉంటుంది. యూనివర్సిటీలో సొంత షార్ట్ ఫిల్మ్ చేయిస్తారు చూడండి, నాలుగేళ్లలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అదే. స్టూడియోలో చేరాక సొంత కథకి టైమ్ దొరకదు.

ఫ్లిప్‌బుక్_తమ్ముడు
నేనే ఆ తమ్ముణ్ణి. అక్క లింక్ పంపింది, అంతా చదివాను. అందరికీ థ్యాంక్స్. నాకు పొగలు, పేలుళ్ల కంటే పాత్రలు చేయడం ఇష్టం. మా తాతయ్య తోలుబొమ్మలాట గురించి చెప్పేవారు, రాత్రంతా తెర వెనక నుంచి ఆడించేవారట. ఆ బొమ్మల్లాగే కీళ్లు పెట్టి 2డీలో ఒక చిన్న కథ చేయాలని ఉంది. ఫాడీలో మెమరీ డ్రాయింగ్ ఎలా ప్రాక్టీస్ చేయాలి?

మాసాబ్‌ట్యాంక్_సీనియర్
చూసింది ఇంటికొచ్చి గీయి, అక్కడికక్కడ కాదు. రైతు బజార్‌కి వెళ్లు, అరగంట తిరుగు, ఫోన్‌లో ఫొటో తీయకు. ఇంటికొచ్చి త్రాసు పట్టుకున్న చెయ్యి, వంగి ఏరుతున్న ఆవిడ, సంచీ, వెనక గొడుగులు, అన్నీ ఒకే బొమ్మలో పెట్టు. మర్నాడు మళ్లీ వెళ్లి ఏం తప్పిందో చూసుకో. మనుషుల్ని ఒకరి వెనక ఒకరు పెట్టు, అందరినీ వరసగా నిలబెడితే గ్రూప్ ఫొటోలా ఉంటుంది. పాత పేపర్లు టైమ్ పెట్టుకుని చెయ్యి. ఆబ్జెక్టివ్ పేపర్ కూడా ఉంటుంది, దాన్ని వదిలెయ్యకు.

తొలుబొమ్మ
తమ్ముడూ, తోలుబొమ్మ ఆలోచన చాలా బాగుంది, వదలకు. ఒక్కటి చూసుకో: ఆ బొమ్మల్లో మోకాలు, మోచెయ్యి దగ్గర కీలు ఎక్కడ పడుతుందో, ఆడించే కర్ర ఎక్కడ కడతారో. వీలైతే అనంతపురం వైపు నిమ్మలకుంట వెళ్లి ఆడించేవాళ్ల చేతులు చూసి గీసుకుని రా. నీ రిగ్ దానికదే తయారవుతుంది.

మణికొండ_అక్క
నాన్న ఈ పేజీ అంతా ఫోన్‌లో చదివారు. బాలాపూర్ బాబాయ్ రాసినవి రెండుసార్లు చదివించుకున్నారు. ఇంకా సరేననలేదు, కానీ సోమవారం కాలేజీ చూసొద్దామన్నారు. ఫాడీకి, యూసీడ్‌కి రెండింటికీ అప్లై చేయిస్తాను. సీఎస్‌ఈ కౌన్సెలింగ్ మాత్రం వదలొద్దని నాన్న షరతు పెట్టారు, వాడు ఒప్పుకున్నాడు. అక్కడికెళ్లి ఏం చూడాలో, ఎవరిని అడగాలో చెప్పండి.

బాలాపూర్_బాబాయ్
పోయిన రెండు బ్యాచుల పిల్లలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో పేర్లతో సహా అడగమనండి మీ నాన్నగారిని. లెక్కలు కాదు, మనుషులు కావాలి. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేస్తే తేలిపోతుంది.

చార్‌కోల్_చేతులు
ల్యాబ్ తలుపు తీయించి చూడండి. కంప్యూటర్ ఆన్ చేయించండి.

రీల్_చూసే_రమ
ఫైనల్ ఇయర్ వాళ్ల షార్ట్ ఫిల్మ్స్ చూపించమని అడగండి. అన్నీ ఒకేలా ఉంటే ఆలోచించుకోండి, ఒక్కోటి ఒక్కోలా ఉంటే అక్కడ నేర్పేవాళ్లున్నట్టే.

మాసాబ్‌ట్యాంక్_సీనియర్
అక్కా, మా దగ్గరికే అయితే పదకొండు తర్వాత రండి, అప్పుడు స్టూడియోలో అందరం ఉంటాం. తమ్ముడి స్కెచ్‌బుక్ తప్పకుండా తెమ్మనండి, నోటుబుక్కులు కూడా. ఆఫీసుకి వెళ్లేముందే మా దగ్గరికి రండి.